చన్నీళ్ళలో పాకం

దైవాధీనం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా వచ్చి ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, లేచి చెప్పులు తొడుక్కునేవారు. అడిగినవాడు ఆయన వెంట నడవాల్సిందే. కుమ్మరి ఆవం దగ్గరికో, నాట్లు వేసే చేలోకో, ఒక్కోసారి ఊరికే ఏటి గట్టుదాకానో. చోడవరం దగ్గరి ఆ ఊరి బడిలో ముప్పై నాలుగేళ్ళు డ్రిల్లు మాస్టారుగా ఉండి, కమ్మరి చేత వంపించిన రెండు ఇనుప వలయాలతో బాస్కెట్‌బాల్ నేర్పినవాడాయన. "మాస్టారిని ఏదైనా అడగాలంటే ముందు కాళ్ళలో సత్తువ ఉండాలిరా" అని శిష్యులు నవ్వుకునేవారు.

ఆ శిష్యుల్లో కూర్మారావు ఒకడు. ఇప్పుడతనికి నలభై దగ్గరపడుతోంది. ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌కు కొత్తగా ఒక లీగు పెడుతూ, కాలేజీ జట్లలో జీతమిచ్చి ఆడించుకోదగ్గవాళ్ళు ఎవరున్నారో చూసి చెప్పే పని అతనికి అప్పగించారు. మూడు జిల్లాలు తిరిగాడు. అందరి సంగతీ తేల్చాడు, ఒక్క పిల్ల సంగతి తప్ప.

ఆ మాఘమాసపు ఉదయం అతను మోటారుసైకిలు దిగేసరికి మాస్టారు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

"మాస్టారూ, ఒక పిల్ల దగ్గర ఆగిపోయానండి" అన్నాడు కూర్మారావు, చంకలోని అట్టపుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుంటూ.

"ఆగావంటే ఏదో ఉందన్నమాట. చెప్పు."

పిల్ల పేరు పైడితల్లి. అనకాపల్లి కాలేజీలో డిగ్రీ ఆఖరి ఏడు. ఆటలో గార్డు, అంటే బంతిని తన చేతిమీదుగా నడిపిస్తూ మిగతా నలుగురికీ పని చెప్పే మనిషి. ఎత్తు అయిదడుగుల మూడంగుళాలే. మొన్నటి ఆటలో ఒక్కతే ముప్పై ఒక్క పాయింట్లు వేసింది. నిన్న ఆరంటే ఆరే వేసింది. మొన్న చూసినవాడు నెత్తిన పెట్టుకుంటాడు, నిన్న చూసినవాడు గడప తొక్కనివ్వడు. లీగువాళ్ళిచ్చిన కాగితం అడుగున ఒక గడి ఉంది: పై స్థాయిలో నిలబడుతుందా? అవును అనో కాదు అనో ఒక్క మాట రాసి, ఆ సాయంత్రం అయిదింటికల్లా పంపాలి. లీగులోకి ఆఖరి ఏడు చదువుతున్నవాళ్ళనే తీసుకుంటారు కాబట్టి ఆ పిల్లకు వచ్చే ఏడనేది లేదు. అన్నగారి టైలరింగు షాపులో కాజాలు కుట్టడానికి కుర్చీ సిద్ధంగా ఉంది. కాజాలు కుట్టడం తక్కువ పనేమీ కాదు. కానీ ఆ చేతుల్ని బంతి మీద చూసినవాడికి ఆ కుర్చీ తలుచుకుంటే మనసొప్పదు.

"కాదు అనే రాశానండి. పెన్సిల్‌తో రాశాను" అన్నాడు కూర్మారావు.

"పెన్సిలెందుకూ?"

"అందుకేగా మీ దగ్గరికొచ్చాను. ఎత్తు కొలిచాను, చేతుల పొడవు కొలిచాను, ఎగిరితే ఎంత ఎగురుతుందో, పరిగెడితే ఎన్ని సెకన్లో అన్నీ రాసుకున్నాను. అయినా తేలలేదు. ఇరవై ఏళ్ళ పిల్లలో రేపటి ఆటగత్తె ఉందో లేదో ఎలా చూడాలండీ?"

మాస్టారు చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు జరిపి, చెప్పులు తొడుక్కున్నారు.

ఇద్దరూ చెరకు తోటల మధ్య దారి పట్టారు. ఎండ ఇంకా ముదరలేదు. ఆయన వెనకే నడుస్తుంటే కూర్మారావుకు ఎప్పటి ముల్లో ఒకటి మళ్ళీ కలుక్కుమంది. ఇరవై రెండేళ్ళ కిందట ఈ ఊరి బడి ఆవరణలోనే జిల్లా జట్టుకు ఎంపిక జరిగింది, ఎంచింది మాస్టారే. గుమాస్తా పొరపాటున ఇతని పేరు జాబితాలో ఎక్కలేదు. మూడు గంటలు గీత బయటే ఉండిపోయాడు. ఊరికే కూర్చోలేక, చెరిగిపోయిన గీతల మీద డబ్బాతో మళ్ళీ సున్నం పోశాడు. మిగతా కుర్రాళ్ళ పాయింట్లు గొంతెత్తి చదివాడు. చివర్లో అయిదు నిమిషాలు లోపలికి పిలిచారు. రెండుసార్లు బంతి విసిరాడు, రెండుసార్లూ పడలేదు. అయినా మర్నాడు గోడకు అంటించిన జాబితాలో పదో పేరు అతనిదే. ఆ జిల్లా చొక్కాతోనే కాలేజీలో సీటు వచ్చింది, ఆ సీటుతో ఉద్యోగం, ఉద్యోగంతో తినే నాలుగు మెతుకులు. తిన్న ప్రతి ముద్దకూ మాస్టారిని తలుచుకుంటాడు. తలుచుకున్న ప్రతిసారీ, 'పాపం ఎండలో మాడాడని జాలిపడి రాశారు' అన్న మాట పంటికింద రాయిలా తగులుతుంది. ఆ మాట ఆయన్ను అడిగే ధైర్యం మాత్రం ఇన్నేళ్ళలో చిక్కలేదు.

తోట చివర బెల్లం వండుతున్నారు. పెద్ద ఇనుప పెనంలో చెరకురసం తెర్లుతోంది. ఒక ముసలాయన కింది పొయ్యి గుంతలోకి ఎండు చెరకుపిప్పి ఎగదోస్తున్నాడు. పెనం పక్కన చన్నీళ్ళ గిన్నె, కంచు పళ్ళెం పెట్టుకుని అతని భార్య నూకాలమ్మ కూర్చుంది. పొయ్యి ఎవరు ఊదినా, పెనం దించమనే మాట మాత్రం ముప్పై ఏళ్ళుగా ఆమెదే.

"నూకాలమ్మా, వీడు మావాడే" అన్నారు మాస్టారు. "పిల్లల్ని చూసి ఎవరు పైకొస్తారో చెప్పే ఉద్యోగం."

"జోస్యమేటి బాబూ?"

"జోస్యం కాదమ్మా, ఆట" అన్నాడు కూర్మారావు. "ఒక గార్డు విషయంలో కాస్త..."

"గార్డా! ఏ రైలుకి?"

గుంత దగ్గర్నుంచి ముసలాయన అందుకున్నాడు. "ఆడకూతుర్ని గార్డుగా ఏస్తన్నారా? మంచిదే. జెండా ఊపడానికి ఎత్తుతో పనేటి?"

నవ్వులయ్యాక నూకాలమ్మ కూర్మారావుకు ఒక పీట జరిపింది. "ఎవులు పైకొస్తారో సెప్పీవోడివి గదా బాబూ. ఈ పెనం ఎప్పుడు దించాలో సెప్పు, సూద్దాం."

కూర్మారావుకు పౌరుషం వచ్చింది. పుస్తకం తెరిచి, గడియారం చూసుకుని, పెనం మీదినుంచి చూపు తిప్పకుండా కూర్చున్నాడు. కాసేపటికి రసం ఒక్కసారిగా ఎగదన్నింది. బంగారు రంగు నురగ పెనం అంచుదాకా లేచి నిలబడింది. చూడడానికి రెండు కళ్ళూ చాలవు.

"ఇప్పుడే! దించండి!" అన్నాడు.

నూకాలమ్మ దించలేదు. వేలితో రెండు చుక్కల ఆముదం చిలకరించింది. అంత నురగా చప్పున కూలిపోయింది. కింద నీళ్ళలాంటి రసమే ఉంది.

"అది పొంగు బాబూ. పొంగుకేటి, ఎంతైనా పొంగుతాది" అని, కర్రతో ఒక చుక్క తీసి చన్నీళ్ళలో వేసింది. చుక్క అలాగే కరిగిపోయింది. "సూసినావా? దీనికింకా నిలకడ నేదు."

తర్వాత పెనం సద్దుమణిగింది. పొంగు లేదు, రంగు చూస్తే మట్టిరంగు. ఎక్కడో ఒక బుడగ లేచి, బద్ధకంగా పగిలి, మళ్ళీ మూసుకుంటోంది. ఇక చూడవలసిందేమీ లేదనిపించి కూర్మారావు పుస్తకం మూసి, రోడ్డు మీద పోతున్న బస్సు వైపు తిరిగాడు.

వెనకనుంచి ఠంగుమని మోత వినబడింది.

తిరిగి చూసేసరికి నూకాలమ్మ చేతిలో, చన్నీళ్ళలో కరగకుండా గట్టిపడ్డ గోళీకాయంత పాకం ఉండ ఉంది. దాన్ని మళ్ళీ కంచు పళ్ళేనికి కొట్టింది. మళ్ళీ ఠంగుమంది. "దించండి!" అని కేక వేసింది. ఇద్దరు మనుషులు కర్రలు దూర్చి పెనం ఎత్తేశారు.

"అయ్యో బాబూ!" అంది నూకాలమ్మ నవ్వుతూ. "అంతసేపు కన్నార్పకుండా సూసి, సరీగా సూడాల్సినప్పుడు పొస్తకం మూసీసినావేటి!"

కూర్మారావు నవ్వబోయి ఆగిపోయాడు. పుస్తకం తెరిచి నిన్నటి పేజీ తీశాడు. 'రెండో క్వార్టరు. నాలుగో ఫౌలు. కోచ్ బయట కూర్చోబెట్టాడు.' ఆ కింద సగం పేజీ ఖాళీ. మళ్ళీ ఆఖరి పది నిమిషాల దగ్గర రాత మొదలైంది. పైడితల్లి బెంచీ మీద కూర్చోగానే ఇక చూసేదేముందని అతను పుస్తకం మూసి టీ తాగడానికి వెళ్ళాడు. మొన్నా అంతే చేశాడు. మూడు జిల్లాల్లోనూ అంతే చేశాడు.

మాస్టారు అదేమీ పట్టనట్టు, అరిటాకు ముక్కలో వేడి బెల్లం ఊదుకుంటూ తింటున్నారు.

"మధ్యాహ్నం రెండింటికి ఇంకో ఆట ఉందండి, మూడో స్థానానికి" అన్నాడు కూర్మారావు మెల్లగా.

"అయితే భోజనం వేళ దాటిపోతుంది. ఇది జేబులో వేసుకో" అని మాస్టారు బెల్లం ముక్క ఒకటి ఆకులో చుట్టి ఇచ్చారు.

ఆ మధ్యాహ్నం పైడితల్లి ఎప్పటిలాగే తొందరపడింది. ఎదుటి జట్టులో పొడుగుపిల్ల ఒకతె రెండుసార్లు బంతి లాగేసుకునేసరికి రోషం పట్టలేక, అర్ధభాగం అవకముందే నాలుగు ఫౌళ్ళు చేసింది. అయిదోది పడితే ఆట నుంచే బయటికి. కోచ్ ఆమెను పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టాడు. కూర్మారావు లేచి, తన కుర్చీని బెంచీకి ఎదురుగా తిప్పుకున్నాడు.

"సార్, ఆట అటుపక్క జరుగుతోందండి" అన్నాడు పాయింట్లు రాసే ఆయన.

"తెలుసయ్యా" అన్నాడు కూర్మారావు.

పైడితల్లి ముందు మొహం మీద తువ్వాలు కప్పుకుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. పక్కపిల్ల నీళ్ళసీసా ఇస్తే తోసేసింది. కూర్మారావు కరిగిపోయిందిరా దేవుడా అనుకున్నాడు. అయినా పుస్తకం మూయలేదు. కాసేపటికి తువ్వాలు కిందికి దిగింది. ముక్కు చీదుకుంది. తోసేసిన సీసా తానే వెళ్ళి తెచ్చి, పక్కపిల్ల చేతిలో పెట్టింది. జారిన సాక్సు పైకి లాక్కుని, బూట్ల తాళ్ళు విప్పి మళ్ళీ బిగించి కట్టుకుంది. ఆ తర్వాత ముందుకు వంగి, ఆ పొడుగుపిల్ల కాళ్ళ వైపే చూస్తూ కూర్చుంది. చేతుల వైపు గానీ, బంతి వైపు గానీ చూడలేదు.

విరామంలో, తన బదులు ఆడుతున్న మొదటి ఏడు పిల్లను రెక్క పట్టుకుని పక్కన కూలేసుకుంది. "ఒసే, బంతి చూడకే. అది ఎడంకాలు ముందుకేసిందంటే కుడిపక్కకి తిరుగుద్ది. అక్కడ నిలబడు చాలు, బంతి దానంతటదే నీ చేతిలోకొస్తది."

ఆ పిల్ల వెళ్ళి అక్కడ నిలబడింది. బంతి దానంతటదే వచ్చింది. ఒకసారి, తర్వాత ఇంకోసారి. రెండోసారికి బెంచీ మీదినుంచి అందరికంటే ముందు ఎగిరి గంతేసింది పైడితల్లే. ఆ కేకకు పాయింట్లాయన ఉలిక్కిపడి కలం జారవిడిచాడు.

కూర్మారావు వంగి ఆ కలం తీశాడు. "ఒక్క నిమిషం వాడుకుంటానండి" అని, కాగితం మీది పెన్సిల్ రాత కొట్టేసి, సిరాతో 'అవును' అని రాశాడు. అప్పటికి పైడితల్లి ఇంకా మళ్ళీ ఆటలోకి దిగనే లేదు. చివరి పది నిమిషాలు దిగింది, తొమ్మిది పాయింట్లు వేసింది, మూడు పాయింట్ల తేడాతో వాళ్ళ జట్టు ఓడిపోయింది. జేబులోని బెల్లం సంగతి కూర్మారావుకు కాగితం పంపాక గుర్తొచ్చింది. మైదానం గోడ పక్కన నిలబడి, మాస్టారిని తలుచుకుని నోట్లో వేసుకున్నాడు.

మూడు వారాలకు లీగువాళ్ళ జాబితా వచ్చింది. చిట్టచివరి పేరు పైడితల్లిది. ఆమె కూర్మారావు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, అన్నగారు స్వయంగా కుట్టిన చేసంచి ఒకటి అతని చేతిలో పెట్టి, కాళ్ళకు దణ్ణం పెట్టబోయింది. "నాకు కాదమ్మా" అని అతను ఆమెను మోటారుసైకిలు ఎక్కించుకుని సరాసరి మాస్టారి దగ్గరికి తీసుకొచ్చాడు.

మాస్టారు అరుగు మీదే ఉన్నారు. ఈసారి ముందర గోంగూర కట్టలున్నాయి. దణ్ణం అందుకుని, సంచి అటూ ఇటూ తిప్పి, "కుట్టు గట్టిది. మీ అన్న మంచి పనివాడమ్మా" అన్నారు. పైడితల్లి ఆకులు గిల్లడానికి తానూ కూర్చుంది. నాలుగు కాడలు గిల్లాక ఉండబట్టలేక కూర్మారావు వైపు తిరిగింది.

"సార్, ఒకటి అడగనా? ఆ రోజు నేను సరిగా ఆడింది పది నిమిషాలు. నాలుగు ఫౌళ్ళు చేశాను. ఆట కూడా పోయింది. ఏడవడం కూడా మీరు చూసే ఉంటారు. నా మీద జాలేసి రాశారా?"

ఆ ప్రశ్న కూర్మారావుకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా తన పంటికింద ఉన్న రాయే అది. జవాబు ఆమెకు చెప్పడానికి బదులు, అతను మెల్లగా మాస్టారి వైపు తిరిగాడు.

"మాస్టారూ, నేనూ ఒకటి అడగాలండి. జిల్లా జట్టు జాబితాలో, ఆ పదో పేరు... నాది ఎందుకు రాశారు?"

మాస్టారు చెయ్యి అలవాటుగా చెప్పుల వైపు వెళ్ళింది. కూర్మారావు వంగి, తన చేతులతోనే వాటిని ఆయన పాదాల దగ్గరికి జరిపాడు. ఆయన ఒక పాదం పెట్టి, ఎందుకో మళ్ళీ తీసేశారు. ఒళ్ళోంచి గోంగూర కాడ ఒకటి తీసుకుని, ఆకులు గిల్లుతూ అన్నారు.

"ఆ రోజు గీత బయట నీళ్ళు చాలా చల్లగా ఉన్నాయిరా, కూర్మా. నువ్వు కరగలేదు."