ఐదు తెల్ల గవ్వలు

ఒకానొక రాజ్యంలో, ప్రజోత్పత్తి నామ సంవత్సరం కార్తీక శుద్ధ దశమి, బుధవారం. పొద్దెక్కినా గోదావరి మీద మంచు విడలేదు. పైగా సన్నటి తుంపర. కార్తీకంలో తుంపరేమిటని ముసలివాళ్లు విసుక్కున్నారు. ముసలివాళ్లకు ఏ నెలలో ఏది పడినా విసుగే. ఆస్థానంలో చమత్కారిగా పేరుపడ్డ మాచయ్య మాత్రం రేవులో నిలబడి, ఆ ఏటి వరదకు నది నడుమ కొత్తగా లేచిన లంకనే చూస్తున్నాడు.

ఇద్దరి భూముల మధ్య లంక లేస్తే అక్కడొక ఆచారం ఉంది. ఇద్దరిలో వయసుకో హోదాకో పెద్దవాడు దాన్ని పది వంతులు చేసి, నాకిన్ని, నీకిన్ని అంటాడు. ఒక్కసారే. రెండోవాడు సరేనంటే అలాగే పంచుకుంటారు. అడ్డంగా తల ఊపితే లంక గోదావరిదే, ఎవరూ నాగలి పెట్టకూడదు. పోట్లాటలు ఉండకూడదని పెట్టిన పద్ధతి. పెట్టినవాడెవరో గానీ మనుషుల్ని ఎరిగినవాడు కాడు.

ఈసారి లంక వీరనరేంద్ర మహారాజు తోటకీ, పుచ్చకాయలు పండించే పోలమ్మ గట్టుకీ మధ్య లేచింది. పోలమ్మ చేను ముప్పాతిక వరదకు పోయింది. ఇది దక్కకపోతే తల్లీకూతుళ్లు కూలికి పోవాల్సిందే.

ముందురోజే రాజు కొలువులో మీసం దువ్వాడు. "తొమ్మిది నాకు, ఒకటి పోలమ్మకు. బుద్ధి ఉన్నవాళ్లెవరైనా శూన్యం కంటే ఒకటి మేలనుకుంటారు. ఇది తర్కం! ఏం మాచయ్యా, నోరు పడిపోయిందా?"

"రేపటిదాకా దానికి సెలవిచ్చాను ప్రభూ."

అటునుంచి అటే పోలమ్మ గుడిసెకు వెళ్లాడు. సంగతి అప్పటికే చెవిన పడి ఆమె మండిపడుతోంది. "కాదనేస్తాను బాబుగారూ! నాకూ వద్దు, ఆయనకీ వద్దు. నా కడుపు చల్లబడుతుంది."

మాచయ్యకు తమ అన్నదమ్ముల పొలాల మధ్య లేచిన లంక గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ల కిందట ఇదే రేవులో అన్న సూరయ్య అడిగాడు: "ఆరు నాకు, నాలుగు నీకురా తమ్ముడూ. అమ్మను చూసుకుంటున్నది నేనే కదా." ఆ మాటలో న్యాయం లేకపోలేదు. మాచయ్య తల అడ్డంగా ఊపాడు. లంక బీడు పడింది. అన్న పిల్లలతో ఎగువకు వలసపోయి, అక్కడే కన్నుమూశాడు.

"చల్లబడదు పోలమ్మా. నేను తల ఊపి చూశాను," అన్నాడు.

తెల్లారి రేవులో రాజు నోరు తెరవకముందే పోలమ్మ నీళ్లలో చెయ్యి పెట్టింది. నీళ్లు ముట్టి చెప్పిన మాట ఆ రేవులో ఎవరూ వెనక్కి తీసుకోరు.

"మారాజా! తమరు ఎన్ని వంతులు ఉంచుకుంటారో అన్ని గవ్వలు ఈ కుండలో వేస్తాను. వాటిలో ఐదే తెల్లవి, మిగతావి ఎర్రవి. చూడకుండా ఒకటి తీస్తాను. తెల్లదొస్తే సరే. ఎర్రదొస్తే లంక గోదారమ్మది."

"ఇదేం పెంకితనం! తొమ్మిదంటే?"

"ఐదు తెల్లవి, నాలుగు ఎర్రవి."

"ఐదంటే?"

"ఐదూ తెల్లవే. తియ్యడం కూడా ఎందుకు మారాజా?"

రాజు వేళ్లు మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. మాచయ్య దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "ఎంత లాగినా సగటున తమకు దక్కేది ఐదే ప్రభూ. ఏమీ దక్కదేమోనన్న భయం అదనం."

"సరే, అన్యాయమనుకుంటే ఏకంగా కాదనొచ్చుగా? ఈ గవ్వలెందుకు?"

"న్యాయం అందరికీ ఒకేలా తోచదు ప్రభూ. ఎదుటివాడు ఆరే న్యాయమని నిజంగా నమ్మి అడగొచ్చు. అప్పుడు కుండలో ఎర్రది ఒక్కటే. అంతకు మించి శిక్షించకూడదు."

రాజు పకపకా నవ్వాడు. "ఐదూ ఐదూ! నా తర్కాన్ని ఆడమనిషి చేత కుండలో పెట్టించావు గదయ్యా!" భుజాన ఉన్న శాలువా తీసి మాచయ్యకు కప్పాడు. "ఇంకో బహుమానం. మీ అన్నదమ్ముల లంక బీడు విడిపిస్తున్నాను. దున్నుకో!"

"రెండు వరదల కిందటే కొట్టుకుపోయింది ప్రభూ," అన్నాడు మాచయ్య. "ఈ గవ్వలు నాకు ముప్పై ఏళ్లు ఆలస్యంగా తోచాయి."



తరువాతి కాలంలో రాజుగారి ఐదు వంతులు యువరాజుకు వచ్చాయి. పోలమ్మ ఐదు వంతులూ, గవ్వల కుండా ఆమె కూతురికి. శాలువా మాచయ్య అల్లుడికి. ఎగువన ఉన్న సూరయ్య పిల్లలు ముగ్గురికీ ఏమీ రాలేదు.