గవరయ్య నిద్ర, గుట్ట మీద బడి

ఇప్పచెట్ల అడవి నడుమ ఒక నల్లరాతి గుట్ట ఉంది, ఆ గుట్ట మీద ఒక బడి ఉంది. బడి అన్నానని గోడలూ గంటా వెతక్కండి. ఎత్తయిన ఒక బండ, దాని మీద కొండముచ్చు దమయంతి టీచర్, ఆవిడ చుట్టూ కుందేలు పిల్లలు, జింక పిల్లలు, కౌజుపిట్ట పిల్లలు. అంతే. డేగ నీడ ఎలా ఉంటుంది, చిరుత వాసన ఎటు నుంచి వస్తుంది, దేన్ని చూస్తే ఏ అరుపు అరవాలి, ఇదే అక్కడి చదువు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు బండ అంచున కూర్చుని నాలుగు దిక్కులూ చూడాలి. ఏ ప్రమాదమూ లేకపోతే ఉండి ఉండి "కూ" అని మెల్లగా ఒక కూత పెట్టాలి. తెల్లారింది మొదలు పొద్దు గూకేదాకా ఆ కూత అడవంతా వినిపిస్తూనే ఉండేది. వినీ వినీ, అది వినిపిస్తోందన్న సంగతే అందరూ మర్చిపోయారు.

రోజంతా బండ మీదే ఉండే టీచర్‌కి తిండి వెతుక్కునే తీరిక ఎక్కడిది? అందుకని ఇంటింటి వాళ్ళూ ఇప్పపూలో, దుంపలో, లేత చిగుళ్ళో తెచ్చి బండ దగ్గర పెట్టేవారు. దానికి బడి పన్ను అని పేరు. ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. దుంపలు చిక్కిపోయాయి, మనసులు అంతకంటే ముందే చిక్కిపోయాయి.

అడవిలో పెద్దమనిషి హోదా నక్క చలపతిది. మాంసం మానేశానని అతను ఎన్నోసార్లు ఒట్టు వేశాడు. ఒక ఒట్టు నిలబడితే మళ్ళీ మళ్ళీ వేయాల్సిన అవసరం ఏముందని ఎవరూ అడగలేదు. అతనే ఒక ఉదయం ఎండిన వాగు ఇసుకలో అందర్నీ సమావేశపరిచాడు.

"కడుపులు మాడుతుంటే చదువులేంటి చెప్పండి," అన్నాడు. "ఈ అడవిలో చిరుత అడుగు పెట్టి ఎన్నాళ్ళయింది? రాని చిరుత కోసం పసిపిల్లల్ని ఎండలో కూర్చోబెట్టడం, దానికి మనం పన్ను కట్టడం. నాకైతే పిల్లల మొహాలు చూస్తే జాలేస్తోంది."

"నాకు పిల్లా జెల్లా లేరు," అన్నాడు అడవి పంది గవరయ్య. మడుగు బురదలో మధ్యాహ్నం నిద్ర తప్ప లోకంలో ఇంకే సుఖమూ ఎరగని ఒంటరివాడు. "ఊళ్ళోవాళ్ళ పిల్లలు చదువుకుంటే నేనెందుకు కట్టాలి? పైగా పొద్దస్తమానం కూ కూ అని ఆ గోల ఒకటి."

"బాగా చెప్పావు బాబాయ్. పన్ను సగానికి కోసేద్దాం," అన్నాడు చలపతి.

దమయంతి టీచర్ బండ మీంచి దిగి వచ్చింది. "సగం తిండితో నేను రోజంతా గొంతెత్తలేను నాయనా. అవతలి కొండ వాళ్ళు రమ్మని కబురు పెట్టారు. మీకు బరువైతే వెళ్ళిపోతాను," అంది.

జింక నూకాలు గుట్ట వైపు చూసింది. ఆమె కూతురు డేగ అరుపు నేర్చుకుంది గానీ చిరుత అరుపు ఇంకా నేర్చుకోలేదు. టీచర్ కొండ దాటితే ఆ పిల్లకి అది నేర్పేవాళ్ళే లేరు. కానీ నూకాలు చాలా రోజులుగా ఒకటి గమనిస్తోంది. పిల్లలు నీళ్ళు తాగడానికి దిగినప్పుడు కూత కాసేపు ఆగుతుంది. సరిగ్గా అప్పుడే గవరయ్య బురదలోంచి తలెత్తి అటూ ఇటూ చూస్తాడు. ఎందుకు చూస్తున్నాడో అతనికే తెలియదు.

"చలపతి అన్నయ్య చెప్పింది నిజమే," అంది నూకాలు. "కానీ సగం ఎందుకు? బడి పూర్తిగా మూసేద్దాం. పన్ను అసలే వద్దు. పిల్లలు ఇళ్ళలోనే ఉంటారు, నోరు మెదపరు."

నక్క ఇంత మంచి మాట వస్తుందని అనుకోలేదు. ఎక్కడ మనసు మార్చుకుంటారోనని వెంటనే సభ ముగించేశాడు.

"ఇదేంటమ్మా ఇలా చేశావు?" అంది టీచర్, అందరూ వెళ్ళాక.

"నాలుగు రోజులు ఆగండి టీచరమ్మా. నా మేతలో చిగుళ్ళు మీకు పెడతాను. పిల్లల్ని మేం తల్లులం కనిపెట్టుకుని ఉంటాం. మన కూత లేని అడవి ఎలా ఉంటుందో వీళ్ళెప్పుడూ వినలేదు. ఒకసారి విననివ్వండి."

మర్నాడు గుట్ట మీద చప్పుడు లేదు. గవరయ్య హాయిగా బురదలో పడుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆకు రాలింది. కళ్ళు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. ఎండుపుల్ల విరిగింది. లేచి నిలబడ్డాడు. ఆకలేసి దుంప తవ్వబోతే, మూతి మట్టిలో పెట్టిన ప్రతిసారీ వెనకాల ఎవరో ఉన్నట్టే అనిపించి తల తిప్పి చూసుకోవాల్సి వచ్చింది. కడుపు నిండలేదు, కన్ను మూతపడలేదు. రెండో రోజూ అంతే.

మూడో నాటికి గవరయ్య కళ్ళు మోదుగపూలంత ఎర్రగా అయ్యాయి. అతను నిద్రపోయే మధ్యాహ్నం వేళ, నిద్రపట్టక అడవిలో తిరుగుతుంటే, కుందేలు బొరియ దగ్గర ఒక తోక కనిపించింది. తోక చలపతిది. మూతి బొరియ లోపల ఉంది.

"ఏం చలపతీ, ఏం చేస్తున్నావు?"

నక్క గబుక్కున వెనక్కి వచ్చాడు. "పిల్లలు క్షేమంగా ఉన్నారో లేదో చూసి పోదామని, బావా."

"మొన్న బాబాయినన్నావు. ఇవాళ బావనయ్యానా?"

"కంగారులో వరస తప్పింది."

"కంగారెందుకు? ఆ నోట్లో నీళ్ళెందుకు?"

"ఎండ, బాబాయ్. ఎండ."

గవరయ్య బొరియకు అడ్డంగా కూర్చుని, అడవి దద్దరిల్లేలా అందర్నీ పిలిచాడు. ఈసారి సభ అక్కడే జరిగింది. జరిగింది చెప్పి, తల వంచుకుని అన్నాడు, "బడి తెరవండి. ముందు నా పన్ను తీసుకోండి."

"నీకు పిల్లల్లేరు కదన్నా," అంది నూకాలు.

"పిల్లల్లేరమ్మా, ప్రాణముంది. ఇన్నేళ్ళూ నేను నా ధైర్యంతో నిద్రపోతున్నాననుకున్నాను. కాదు, ఆ పసివాళ్ళు మేలుకుని ఉన్నారు కాబట్టి నిద్రపోయాను. ఆ కూత లేకపోతే అడవిలో ఒక్కణ్ణే ఉన్నట్టుంది. భయమేసింది."

అంత పెద్ద పంది భయమేసిందని ఒప్పుకునేసరికి మిగతావాళ్ళకీ నోరు వచ్చింది. ఎవరూ మూడు రోజులుగా కడుపునిండా తినలేదు. చలపతి మాత్రం ఇంకా వదల్లేదు.

"పోనీ ఆ కాపలా నేను కాస్తాను. సగం పన్ను ఇవ్వండి చాలు."

"నువ్వు కాపలా కాస్తే," అంది బొరియలోంచి కుందేలు తల్లి, "మా పిల్లలకి కాపలా ఎవరు కాస్తారు?"

ఆ సాయంత్రమే బండ దగ్గర పూలూ చిగుళ్ళూ చేరాయి. కరువు కాలం కదా, పెద్ద కుప్పేమీ కాదు. కానీ రానివాళ్ళు లేరు. అందరికంటే లోతుగా తవ్వగలిగిన గవరయ్య దుంపలు అన్నిటికంటే పైన ఉన్నాయి. దమయంతి టీచర్ ఒక దుంప చేతిలోకి తీసుకుని చాలాసేపు తినకుండా చూస్తూ కూర్చుంది. అవతలి కొండకు రాలేనని కబురు పంపింది.

మర్నాడు నూకాలు కూతురు చిరుత అరుపు నేర్చుకుంది. ఆ తర్వాత టీచర్ ఇంతకు ముందు ఎన్నడూ చెప్పని పాఠం ఒకటి మొదలుపెట్టింది. అడవిలో నక్క అరుపంటూ ఒకటి లేదు మరి, చలపతి పెద్దమనిషి కదా. ఇప్పుడు ఉంది. పన్ను ఎగ్గొట్టడానికి వీల్లేదు కాబట్టి, చలపతి దుంప నోట కరుచుకుని గుట్టెక్కుతాడు. కింది పొదల దగ్గరే కుందేలు పిల్ల కొత్త అరుపు అందుకుంటుంది. జింక పిల్ల దాన్ని పైకి అందిస్తుంది. చలపతి దుంప పెట్టి, అందరి చూపుల మధ్య నుంచి మర్యాదగా దిగిపోతాడు. అతని తోక మలుపు తిరిగాక "కూ" అని మెల్లగా ఒక కూత వస్తుంది, మడుగులో గవరయ్య అటు నుంచి ఇటు ఒత్తిగిలి నిద్రపోతాడు.

నీతి: పక్కింటి పిల్ల నేర్చిన చదువు మనింటికి కూడా కాపలా కాస్తుంది.