ముక్కు మూసుకున్న మర్యాద

ఒకానొక రాజ్యంలో వానలు కురవడం మానేశాయి. రాజుగారి బిరుదులు మాత్రం ఏటేటా పెరుగుతూనే ఉన్నాయి.

ఆ రాజు పేరు ఉద్దండరాజు. ఆయన సభకు వస్తుంటే భట్రాజులు బిరుదులు చదివేవారు. అవి పూర్తయ్యేలోగా, గోడు చెప్పుకుందామని వచ్చిన రైతు స్తంభానికి చేరగిలబడి ఓ కునుకు తీసి లేచేవాడు. బయట పొలాలు నెర్రెలు విచ్చాయి. జనం చింతగింజలు దంచి అంబలి కాచుకుంటున్నారు.

"తూర్పు సముద్రం అవతల తెమలాంగ్ అనే రేవు పట్టణం ఉంది ప్రభూ. అక్కడ గాదెలన్నీ నిండుగా ఉన్నాయి. తమరే వెళ్ళి అడిగితే బియ్యం ఇస్తారు," అన్నారు మంత్రులు.

"అడగడమా!" అన్నాడు రాజు. "మేం వెళ్ళి మా స్నేహం అనుగ్రహిస్తాం. వాళ్ళు బియ్యం సమర్పించుకుంటారు."

సరే, పేరేదైతేనేం, ఓడ కదిలింది. అందులో రాజుగారి వంటవాళ్ళు, వాళ్ళ వెంట సన్నబియ్యం బస్తాలు, నేతి జాడీలు, ఊరగాయ కుండలు. బియ్యం అడుక్కోవడానికి పోతున్న ఓడలో బియ్యం! అది చూసి సిగ్గుపడిన మనిషి ఓడ మొత్తానికి ఒక్కతే. ఆమె సూరసాని. సముద్ర వర్తకుడి కూతురు. చిన్నప్పుడు తండ్రితో ఓడలెక్కి తిరిగి తెమలాంగ్ భాష పట్టింది. ఇప్పుడు కొలువులో దుబాసీ. ఇక్కడి మాట అక్కడ, అక్కడి మాట ఇక్కడ చెప్పడం ఆమె పని. నోరు చురుకు. ఆ నోటికి భయపడే రాజు ఆమెను సభలో వెనక వరసలో కూర్చోబెట్టేవాడు.

తెమలాంగ్‌ని ఏలేది మెలూర్ అనే పెద్దావిడ. తలపండిన మనిషి, ఒంటికో ముతక పట్టుచీర, మెడలో ఒకే ఒక్క పేట. రేవుకి తనే వచ్చి రాజును తీసుకెళ్ళింది.

"ముందు భోజనం," అంది. "మా ఊళ్ళో తిన్నాకే మాట. తినని చోట బేరం లేదు, స్నేహం లేదు, ఆఖరికి తగువు కూడా లేదు."

చాపలు పరిచారు. కొబ్బరిపాలలో ఉడికించిన అన్నం వచ్చింది. అరిటాకులో చుట్టి నిప్పుల మీద కాల్చిన చేప వచ్చింది. పక్కనే మాగబెట్టిన రొయ్యల ముద్ద. ఆ ముద్ద లేనిదే ఆ ఊళ్ళో ముద్ద దిగదు. వాసన మాత్రం మనిషికన్నా ముందే వచ్చి పలకరిస్తుంది. అతిథికి ఇంటి పెద్దే వండాలని అక్కడి ఆనవాయితీ గనక అన్నీ మెలూర్ తన చేత్తోనే వండింది. పొగకు కళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

ఉద్దండరాజు విస్తరి చూశాడు. మొహం చిట్లించాడు. ఉత్తరీయం అంచు తీసి ముక్కు గట్టిగా మూసుకున్నాడు. రెండో చేత్తో సైగ చేశాడు. వంటవాడు పరుగున వచ్చి, ఆవిడ వడ్డించిన ఆకు పక్కకు నెట్టి, మూట విప్పి నేతి పులిహోర పెట్టాడు. రాజు అది తినడం మొదలుపెట్టాడు.

చాపల మీద వాళ్ళంతా తలలు తిప్పి రాజును చూశారు.

"మీ రాజుగారు చేస్తున్నదేమిటమ్మా?" అని మెలూర్ మెల్లిగా అడిగింది.

సూరసానికి చెవులు వేడెక్కాయి. నిజం చెబితే ఓడ ఖాళీగా వెనక్కి పోతుంది. అక్కడ చూస్తే చింతగింజలు కూడా అయిపోవచ్చాయి.

"అమ్మా, మా దేశంలో ఇది మహా మర్యాద," అంది నేల చూస్తూ. "ముక్కు మూసుకోవడమంటే, ఇంత గొప్ప వంట మీద నా ఊపిరి సోకకూడదని. సొంత మూట విప్పడమంటే, మీ ఇంట్లో గింజ తగ్గకూడదని."

"ఓహో," అంది మెలూర్. "మంచి మర్యాదే. అది తీరాక మా మర్యాద ప్రకారం తింటారులే. అప్పుడు బియ్యం సంగతి మాట్లాడుకుందాం."

జనం రాజుకేసి చూసి తలలూపారు. రాజు ఇంకాస్త బిగుసుకుని కూర్చున్నాడు. అబద్ధం అంత చక్కగా అతుక్కున్నందుకు సూరసాని ఒళ్ళంతా కుంచించుకుపోయింది.

విడిదికి చేరాక అడిగేసింది. "ప్రభూ, ఒక్క ముద్ద తినండి. మీరు తినందే ఆవిడ బియ్యం ఊసెత్తదు."

"ఆ కంపా? ఉద్దండరాజా తినేది? వాళ్ళకి తిండంటే ఏమిటో తెలీదే పిల్లా! రేపు మేమే విందు చేస్తాం. మా పులిహోర తిని వాళ్ళు వేళ్ళు నాక్కుంటారు, పందెం! లేదంటే వాళ్ళు పెట్టింది ఏదైనా సరే, నేల మీద కూర్చుని తింటాను."

"మాట తప్పరుగా?"

"నా మాటా!" అన్నాడు రాజు, బిరుదులు చదివే భట్రాజు దగ్గర్లో లేడే అన్నట్టు చుట్టూ చూస్తూ.

సూరసాని విందు కబురు తీసుకుని మెలూర్ ఇంటికి వెళ్ళింది. ఆవిడ సంతోషపడి ఒక్క మాట అడిగింది. "మీ రాజుగారి విందులో మేమెలా నడుచుకోవాలి తల్లీ? తప్పు జరగకూడదు."

"మీ విందులో ఆయన ఎలా నడుచుకున్నారో అలాగే అమ్మా," అంది సూరసాని.

ఇందులో అబద్ధం ఎక్కడుంది చెప్పండి?

మర్నాడు సముద్రపు ఒడ్డున పందిరి వేశారు. ఇంగువ పోపు ఘుమఘుమలు అలల దాకా పోయాయి. రాజు ఆ పూట పొద్దున్నుంచీ వంటవాళ్ళ నెత్తిన నిలబడి పులిహోర కలిపించాడు. ఉప్పు తనే చూశాడు. వడ్డన కూడా తనే చేస్తానన్నాడు. అంత సరదా పడ్డ రాజును ఆయన పరివారం ఏనాడూ చూడలేదు.

అతిథులు వచ్చారు, వరసగా కూర్చున్నారు. రాజు స్వయంగా మెలూర్ ఆకులో పులిహోర పెట్టి, నెయ్యి గరిటె ఎత్తాడు.

మెలూర్ వినయంగా తల వంచింది. పైట చెంగు తీసి ముక్కు గట్టిగా మూసుకుంది. ఆవిడను చూసి వరస వరసంతా ముక్కులు మూసుకున్నారు. తర్వాత తలో అరిటాకు పొట్లం తీసి, రాజు వడ్డించిన ఆకులు పక్కకు నెట్టి, రొయ్యల ముద్ద నంజుకుంటూ తినసాగారు. మధ్యమధ్య రాజుకేసి చూసి ప్రేమగా నవ్వుతున్నారు కూడా.

గరిటెలోంచి నెయ్యి రాజు కాలి మీద కారింది.

"సూరసానీ! ఏమిటీ అవమానం?"

"అవమానమా ప్రభూ? ఎవరన్నారు?"

"ఎవరనడమేమిటి! మనిషి తన చేత్తో పెడుతుంటే, ఆ మనిషి మొహం ముందే ముక్కు మూసుకుని, ఆకు నెట్టేసి, మూట విప్పుకుంటే అది అవమానం కాక..."

రాజు కళ్ళు తన ఉత్తరీయం అంచు మీద పడ్డాయి.

సూరసాని ఆయనకే వినబడేట్టు చెప్పింది. "నిన్న ఆవిడ అడిగింది ప్రభూ, మీరు చేస్తున్నదేమిటని. మా రాజుకు మర్యాద తెలీదని ఏ నోటితో చెప్పను? ఇదే మా మర్యాద అని చెప్పాను. పాపం, నమ్మి తిరిగి చేస్తున్నారు. ఇప్పుడు మీరు కోప్పడితే నిన్నటి మీ పని ఏమిటో వాళ్ళకు తెలిసిపోతుంది. కోప్పడకపోతే నవ్వుతూ నిలబడాలి. ఏది చేస్తారో మీ ఇష్టం."

రాజు నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"మన ఊళ్ళో చింతగింజల అంబలికి కంపు లేదనుకుంటున్నారా?" అంది సూరసాని. "ఒక్కరూ ముక్కు మూసుకోవడం లేదు ప్రభూ."

ఉద్దండరాజు గరిటె కింద పెట్టాడు. పెట్టి, అక్కడే ఇసకలో, మెలూర్ ఎదురుగా కూలబడ్డాడు. చెయ్యి చాచాడు. బిరుదులు చెక్కిన కంకణం ఉన్న చెయ్యి అది.

"పందెం ఓడిపోయాను. ఆవిడ పొట్లంలోంచి ఓ ముద్ద పెట్టమని అడుగు," అన్నాడు. అడగడమనే మాట ఆ నోట రావడం అదే మొదలు.

సూరసాని అడిగింది. మెలూర్ ముక్కు మీంచి చెంగు తీసింది. "అయితే ఆ మర్యాద తీరిపోయిందా?"

"తీరిందమ్మా. మా దేశంలో రెండో నాటికి..." అని సూరసాని కొత్త కథ అల్లబోయింది.

"వద్దు," అన్నాడు రాజు. "అది మర్యాద కాదని చెప్పు. నా పొగరని చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

"బియ్యం పోతాయి ప్రభూ!"

"చెప్పు."

సూరసాని చెప్పింది. ఒక్క మాటా మార్చలేదు.

మెలూర్ ఆమెనే చూసింది, రాజును కాదు. "మాకు నిన్ననే తెలుసులే తల్లీ. ముక్కు మూసుకోవడం మర్యాద అయ్యే దేశం ఈ భూమ్మీద ఎక్కడుంది? అప్పుడే నీ చెంపలు కందిపోయి ఉన్నాయి. తన సిగ్గు తను పడని రాజు వంతు కూడా ఈ పిల్ల పడుతోందే అని జాలేసింది. అందుకే ఊరుకున్నాం, ఇవాళ నువ్వు చెప్పినట్టే నడుచుకున్నాం."

అంతవరకూ ఎంతమందినో మాటల్తో కట్టేసిన సూరసాని తలొంచుకుంది. తన చమత్కారం ఇంకొకరి దయ మీద నిలబడి ఉందని తెలియడం కంటే సిగ్గేముంటుంది?

మెలూర్ ముద్ద కలిపి రాజు చేతిలో పెట్టింది. రాజు ఊపిరి పీల్చుకున్నాడు, అదీ ముక్కుతోనే. నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. అవి వాసనకు వచ్చాయో, దేనికి వచ్చాయో ఎవరూ అడగలేదు.

"ఎలా ఉంది?" అంది మెలూర్.

"ఇంకా తెలీడం లేదు. మరో ముద్ద పెట్టండి."

ఆవిడ పకపకా నవ్వింది. మరో ముద్ద పెట్టి, తను కూడా న్యాయంగా ఓ వేలితో పులిహోర తీసుకుని నాలిక్కి రాసుకుంది. నేతి వాసన తగలగానే మొహమంతా ముడుచుకుపోయింది. "ఏమీ అనుకోకండి నాయనా. ఇది మటుకు నిజంగానే కంపు!"

సూరసాని ఆ మాట యథాతథంగా చెప్పేసింది. పందిట్లో అందరూ రాజు మొహం చూశారు. అప్పుడు నవ్వాడు ఉద్దండరాజు. పొట్ట పట్టుకుని, ఇసకలో చెయ్యి ఆన్చి, పొలమారేదాకా నవ్వాడు. మెలూర్ ఆయన వీపు తట్టి, గాదెల తలుపులు తీయమని మనుషుల్ని పంపింది.

బస్తాలు ఓడలోకి ఎక్కుతుంటే రాజు బిరుదుల కంకణం ఊడదీసి సూరసాని ముందు పెట్టాడు. "ఇది నీది. ఇంకేం కావాలో కోరుకో."

"ఏమీ వద్దు ప్రభూ. ఇకనుంచి మీ సిగ్గు మీరే పడండి. నా వంతు నాకు చాలు."

రాజు మళ్ళీ నవ్వాడు. అయితే ఈసారి తల ఎత్తలేదు. వంచిన తలతోనే వెళ్ళి, కూలీల వరసలో నిలబడి, ఒక బియ్యం బస్తాకు భుజం పట్టాడు.