ఆగు అనే నోరు

ఎర్రునాయుడు తన కర్ర తెచ్చి గురువు కాళ్ళ దగ్గర పెట్టాడు.

"సెలవిప్పించండి గురువుగారూ. ఊరొదిలి ఎల్లిపోతాను."

పొద్దు అప్పుడే ఎక్కుతోంది. కర్రసాము నేర్పే ఆ తాటాకుల పాకని ఊళ్ళో అందరూ గరిడీ అంటారు. సన్యాసయ్య గురువు గరిడీ మట్టి మీద నీళ్ళు చల్లుతున్నాడు. చెంబు చేతిలో ఉండగానే అడిగాడు.

"ఎక్కడికి?"

"ఏ కొండకైనా. ఎవరైనా సాధువు కాళ్ళు పట్టుకుంటాను. పన్నెండేళ్ళు కర్ర తిప్పినాను. ఇప్పుడు కళ్ళు మూసుకుని ఒక్క గడియ కుదురుగా కూకోలేకపోతన్నాను. సాములో శాంతి నేదు గురువుగారూ. ఇది ఒక దారి, అది ఒక దారి."

కాళ్ళ దగ్గరి కర్ర వైపు గురువు చూడలేదు.

"గున్నయ్యకి సెప్పినావా?"

ఎర్రునాయుడు తల వంచుకున్నాడు.

నాగావళి ఒడ్డున ఆ ఊళ్ళో ఏటా చైత్రమాసంలో అమ్మవారి పండుగకు సాము పందెం జరుగుతుంది. చుట్టుపక్కల గరిడీల వాళ్ళందరూ వస్తారు. ఆ ఏడు చివరి పందెం సన్యాసయ్య శిష్యులిద్దరి మధ్యే పడింది. ఒకడు ఎర్రునాయుడు. రెండోవాడు గున్నయ్య.

గున్నయ్య నేతగాడు. పగలంతా మగ్గం గుంటలో కూర్చుని పనిచేసి, పొద్దువాలాక గరిడీకి వచ్చేవాడు. ఎర్రునాయుడి కంటే ఆరేడేళ్ళు పెద్ద. ఎర్రునాయుడు గరిడీలో చేరిన కొత్తలో, కర్రను ఎక్కడ పట్టుకోవాలో వేలు వేలునా సర్ది చూపించింది అతనే.

పందెం రోజు ఎండ మండిపోయింది. చెమటకి గున్నయ్య చేతిలోంచి కర్ర జారి నేల మీద పడింది. ఎవరి కర్ర నేల తాకితే వాళ్ళు ఓడిపోయినట్టే. అక్కడితో పందెం అయిపోయింది. కాని ఎర్రునాయుడి కర్ర అప్పటికి ఇంకా గాలిలో ఉంది. అది ఆగలేదు. గున్నయ్య కుడి మణికట్టు మీదికి దిగింది.

ఎముక విరిగిన చప్పుడు డప్పుల మోతలో ఎవరికీ వినబడలేదు. జనం ఈలలు వేశారు. ఎర్రునాయుడి మెడలో బంతిపూల దండ పడింది. ఎముకలు కట్టే ముసలాయన గున్నయ్యకి మూడుసార్లు కట్టు మార్చాడు. ఎముక అతుక్కుంది గాని వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు.

అడిగినవాళ్ళందరికీ ఎర్రునాయుడు ఒకటే చెప్పాడు. "కర్ర పడ్డం నాను సూడనేదు. దెబ్బ అప్పటికే బయల్దేరిపోయినాది." అందరూ నమ్మారు. లేదా నమ్మినట్టు తలూపారు. ఇది జరిగి నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో అతను గున్నయ్య ఉండే నేతవీధి వైపు అడుగు పెట్టలేదు.

గురువు చెంబు పక్కన పెట్టి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"సెలవియ్యాల్సినోడు నాను కాదు. పద."

నేతవీధి మలుపు దగ్గర ఎర్రునాయుడి కాళ్ళు ఆగిపోయాయి.

"మీరు ముందు మాటాడండి గురువుగారూ. నాకు భయంగా ఉంది."

"నాకూ భయంగానే ఉంది," అన్నాడు గురువు.

ఎర్రునాయుడు ఆయన మొహంలోకి చూశాడు. పన్నెండేళ్ళలో ఆ మాట ఆ నోటి నుంచి అతను వినలేదు.

గున్నయ్య అరుగు మీద రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతున్నాడు. ఎడమచేత్తో రాట్నం తిప్పుతున్నాడు. తెరుచుకుని బిగుసుకుపోయిన కుడిచేతి వేళ్ళ మీదుగా నూలు జారుతోంది. లోపల మగ్గం గుంటలో అతని భార్య దాలమ్మ కూర్చుంది. ఆమెకు నేత కొత్త. పోగును అటూ ఇటూ మోసే నాడె రెండుసార్లు విసిరితే మూడోసారి పోగు తెగుతోంది. ఆపి, ముడివేసి, మళ్ళీ మొదలుపెడుతోంది.

గురువుని చూసి గున్నయ్య లేవబోయాడు. ఆయన వద్దని తనే అరుగు అంచున కూర్చున్నాడు. దాలమ్మ వచ్చి గురువు ముందు మంచినీళ్ళ చెంబు పెట్టింది. ఎర్రునాయుడి వైపు ఆమె చూడనే లేదు. మళ్ళీ వెళ్ళి గుంటలో కూర్చుంది. నాడె మాత్రం అందుకోలేదు.

ఎర్రునాయుడు అరుగు కింద మట్టిలో కూర్చున్నాడు.

"అన్నా, నాను సాము మానేసినాను. ఊరొదిలి ఎల్లిపోతన్నాను. సెలవియ్యి."

"దేనికి?"

"మనసు బాగోనేదు."

"నాకు సెయ్యి బాగోనేదు," అన్నాడు గున్నయ్య. గొంతులో కోపం లేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పాడు. "నానెక్కడికెల్లాలి?"

రాట్నం మరో నాలుగు చుట్లు తిరిగి ఆగింది.

"ఎర్రూ, ఒక్కమాట అడుగుతాను. ఆ రోజు నా కర్ర పడ్డం సూసినావా?"

మగ్గం గుంటలోంచి దాలమ్మ తల ఎత్తింది.

నాలుగు నెలలుగా అలవాటైపోయిన మాట ఎర్రునాయుడి నాలుక చివరిదాకా వచ్చింది. గురువు పక్కనే ఉన్నాడు. అతని వైపు చూడకుండా వీధిలోకి చూస్తున్నాడు.

"సూసినాను," అన్నాడు ఎర్రునాయుడు.

"ఆపగలిగుందువా?"

"ఆపగలిగుందును. ఆపాలనిపించనేదు అన్నా. అంతమంది సూస్తన్నారు."

గున్నయ్య నెమ్మదిగా తలూపాడు.

"నాకు తెలుసు. నీ కళ్ళు నా కర్రతో పాటే కిందకి దిగి, మళ్ళీ పైకి లేచినాయి. ఎదురుగా ఉన్నోడికి తెలీదేటి? నీ నోట ఇనాలని ఇన్నాళ్ళూ ఎదురుసూసినాను."

ఎర్రునాయుడు మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. గున్నయ్య అతన్ని ఓదార్చలేదు, కసరలేదు. ఏడుపు దానంతట అది అయ్యేదాకా ఊరుకున్నాడు.

అప్పుడు గురువు అన్నాడు. "నన్నేటీ అడగవా గున్నయ్యా?"

"మిమ్మల్నేటడుగుతాను గురువుగారూ."

"అడుగు."

గున్నయ్య కండెకు చుట్టిన నూలును బొటనవేలితో సర్దుకుంటూ ఉండిపోయాడు.

"దెబ్బ తగలక ముందే మీ శభాష్ ఇనబడింది నాకు," అన్నాడు చివరికి. "వాడి కర్ర ఇంకా గాలిలోనే ఉంది. నా సెయ్యి ఒట్టిది. అది మీకు కనిపించనేదా?"

"కనిపించినాది," అన్నాడు గురువు.

ఎర్రునాయుడు తడి కళ్ళతోనే తల తిప్పి ఆయన్ని చూశాడు. ఆ శభాష్ అతనికీ వినబడింది. తన తప్పు ఎవరికీ తెలియదనుకున్నాడే గాని, ఇంకొకరు కూడా తనలాగే ఆ తప్పును మోస్తూ తిరుగుతున్నారని అతనికి ఎప్పుడూ తోచలేదు.

సన్యాసయ్య గురువు అరుగు దిగాడు. భుజం మీది తువ్వాలు తీసి కింద పెట్టాడు. అరవై దాటిన మనిషి, నాలుగు జిల్లాల్లో పేరున్న మనిషి, నేతగాడి అరుగు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆ బిగుసుకుపోయిన చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు.

గున్నయ్య కంగారుగా చెయ్యి లాక్కోబోయాడు. "తప్పు గురువుగారూ!"

"తప్పే," అన్నాడు గురువు.

కాసేపటికి ఆయనే మళ్ళీ అన్నాడు. "ముప్పయ్యేళ్ళబట్టీ నా గరిడీలో శభాష్ అనే నోరుంది. ఆగు అనే నోరు నేదు. నువ్వొచ్చి కూకోవాల గున్నయ్యా."

గున్నయ్య జవాబివ్వక ముందే లోపలినుంచి దాలమ్మ అంది. "కూకోడు. ఆ గరిడీ నా ఇంటి మగ్గాన్ని కుంటిదాన్ని సేసినాది. ఆ గుమ్మం నాను తొక్కనియ్యను."

గురువు తువ్వాలు తీసుకుని లేచాడు. ఆమె మాటకు ఎదురు చెప్పలేదు. రెండోసారి అడగలేదు. సెలవు మాట ఎవరూ ఎత్తలేదు. ఎర్రునాయుడు ఆయన వెనకాలే గరిడీకి తిరిగి వచ్చాడు.

కొండకి వెళ్ళే మాట అతను మళ్ళీ అనలేదు. మర్నాటి నుంచి పొద్దున్నే నేతవీధికి వెళ్ళసాగాడు. వీధి పొడుగునా పడుగు నూలు చాచి గంజి పెట్టేటప్పుడు బలమైన చేతులు కావాలి. అతను ఒక చివర పట్టుకుని నిలబడేవాడు. మొదట్లో లాగిన ప్రతిసారీ పోగులు తెగేవి.

"ఇది కర్ర కాదు," అనేది దాలమ్మ. అతనితో ఆమె ఆడిన మొదటి మాట అదే. తర్వాత చాలా రోజుల వరకూ ఆడిన మాట కూడా అదొక్కటే.

వానలు వెళ్ళిపోయాయి. దసరా వెళ్ళిపోయింది. ఒక ఉదయం పడుగు చుట్టి లోపల పెట్టాక, దాలమ్మ చేతులు కడుక్కుంటూ భర్తతో అంది.

"ఎల్లు. ఎల్లి కూకో అక్కడ. ఇంకో ఇంటి సెయ్యి ఇరగకుండా సూడు."

ఆ రోజు గున్నయ్య గరిడీకి వచ్చాడు. అతన్ని చూసి సన్యాసయ్య గురువు తన పీట మీంచి లేచాడు. గున్నయ్య పీట మీద కూర్చోలేదు. పక్కన గుంజకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. గురువు కూడా ఇక పీట ఎక్కలేదు.

ఎర్రునాయుడికి ఎదురుగా సూరప్పడు అనే శిష్యుణ్ణి నిలబెట్టారు. ఇద్దరూ కర్రలు తిప్పడం మొదలుపెట్టారు. సూరప్పడు ఒకచోట తడబడ్డాడు. ఎర్రునాయుడి కర్ర పైకి లేచింది.

"ఆగు," అన్నాడు గున్నయ్య.

కర్ర ఆగలేదు. సూరప్పడి భుజాన్ని రాసుకుంటూ పోయింది. మళ్ళీ మొదలుపెట్టారు. రెండోసారి సగం దిగాక ఆగింది.

మూడోసారి కర్ర నెత్తి మీద ఉండగానే ఆ మాట వచ్చింది. ఎర్రునాయుడి చెయ్యి అక్కడే నిలిచిపోయింది.

గున్నయ్య దించమనలేదు.

ఎర్రునాయుడు అలాగే నిలబడ్డాడు. భుజం నొప్పి పెట్టింది. అందరి ముందూ తనను బొమ్మలా నిలబెట్టాడని ముందు ఒళ్ళు మండింది. తర్వాత ఆ మంట కూడా నిలబడలేక పోయింది. నొప్పి ఒకటే మిగిలింది. చెమట కనుబొమల మీంచి కారుతోంది. అప్పుడు అతనికి ఎదురుగా సూరప్పడి మొహం కనిపించింది. పై పెదవి మీద చిన్న మచ్చ. ఏ క్షణాన దెబ్బ పడుతుందోనని రెప్ప వెయ్యని కళ్ళు. రోజూ కలిసి సాము చేసే మనిషే. పన్నెండేళ్ళలో ఎదుట నిలబడ్డవాళ్ళ చేతులు చూశాడు, కాళ్ళు చూశాడు, భుజాలు చూశాడు. ఒక మనిషి మొహాన్ని అంతసేపు చూడడం అదే మొదటిసారి.

"దించు," అన్నాడు గున్నయ్య.

ఎర్రునాయుడు కర్ర దించాడు. సన్యాసయ్య గురువు పెదవులు అలవాటుగా విచ్చుకున్నాయి. ఆయన వాటిని మళ్ళీ మూసుకున్నాడు.

అందరూ వెళ్ళిపోయాక ఎర్రునాయుడు గురువు కాళ్ళకి నీళ్ళు పోశాడు.

"కర్ర ఆగినాది గురువుగారూ," అన్నాడు. "మనసు ఆగనేదు."

"మనసు ముసిల్ది ఎర్రూ. ఎనకాల మెల్లగా నడిసొస్తాది."

గురువు తువ్వాలుతో కాళ్ళు తుడుచుకున్నాడు. గుమ్మం దాటి రెండడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"నాది ఇంకా రానేదు."