తడి చేతి జాడీ

ఒకప్పుడు మట్టికి వాసన ఉండేది కాదు. వాన పడితే నేల తడిసేది, బురదయ్యేది, ఆరిపోయేది. అంతే. చినుకు పడగానే గుమ్మంలోకొచ్చి గుండెల నిండా గాలి పీల్చుకునేవాళ్ళు ఒక్కరూ లేరు. పీల్చుకోవడానికి ఏముంది గనక?

ఆ రోజుల్లో మబ్బులు ఇప్పట్లా అంత ఎత్తున ఉండేవి కావు. చూరు దాకా వంగి ఇళ్ళలోకి తొంగిచూసేవి. మనుషులతో మాట్లాడేవి. వానాకాలమంతా ఒళ్ళు వంచి పనిచేసి, తక్కిన రోజుల్లో కొండవతల గుర్రుపెట్టి నిద్రపోయేవి.

ఒక్క మబ్బుపిల్లకి మాత్రం నిద్ర పట్టేది కాదు. మండు వేసవిలో కూడా కాలుకాలిన పిల్లిలా తిరుగుతూనే ఉండేది. ఈ ఇంటి మీద నిలబడేది, ఆ చేను మీదికి పరుగెత్తేది, మళ్ళీ వెనక్కొచ్చేది. ఎందుకు తిరుగుతున్నావే అంటే చెప్పలేకపోయేది. ఎక్కడా కుదురు లేదు, అంతే. అలాంటి పిల్లలు మనిళ్ళలోనూ ఉన్నారు, నేను పేర్లు చెప్పను.

ఆ ఊరి చివర ఇంట్లో అచ్చాయమ్మ అని ఒకావిడ ఉండేది. మనిషి పొట్టి, మాట గట్టి. వేసవి వచ్చిందంటే ఆవిడ కాలు కూడా ఇంట్లో నిలిచేది కాదు. తట్ట నెత్తిన పెట్టుకుని తోటల వెంట పడేది. మిరపకాయలకి ఏటి మధ్య లంకకి, ఆవాలకి మెట్టచేనుకి, మామిడికాయలకి నూకరాజు తోటకి. చెట్టు మీంచి కాయ కోస్తుంటే కళ్ళారా చూస్తే గానీ కొనేది కాదు.

ఆ ఆత్రానికి కారణం ఉంది. ముసురు పట్టిందంటే వాగు పొంగి తోటల దారి మూసుకుపోయేది. వానాకాలం వెళ్ళేదాకా పచ్చికూర మొహం కనబడేది కాదు. అప్పుడు ఇంటిల్లిపాది కంచాల్లోకి ఏదైనా రావాలంటే అటక మీది జాడీల్లోంచే రావాలి. జాడీ చెడిందా, పిల్లలకి ఉత్తన్నమే.

ఒకరోజు అచ్చాయమ్మ నూకరాజు తోటకి వెళుతుంటే మబ్బుపిల్ల నెత్తిమీద నీడగా వెంటబడింది.

"ఏంటే, నా వెనకాల పడ్డావు?" అంది అచ్చాయమ్మ.

"ఊరికే మామ్మా. నీకు ఎండగా లేదూ?"

"ఉంది గానీ, నువ్వు కారకుండా ఉంటే అదే పదివేలు."

తోటలో నూకరాజు పొడుగాటి గడకర్రకి చిక్కం కట్టి కాయలు కోస్తున్నాడు. నీడ పడగానే తలెత్తి నవ్వాడు. "ఆయ్, రండి అచ్చాయమ్మగారూ! గొడుగు కూడా తెచ్చుకున్నారే! ఇవాళ కాయ బిరుసుగా ఉందండి. ముక్క యేడాదైనా మెత్తబడదు."

అచ్చాయమ్మ ఒక్కొక్క కాయా తీసి గోటితో గీరింది, వాసన చూసింది, తొడిమ చూసింది. మబ్బుపిల్ల అటూ ఇటూ ఊగుతూ చూసి చూసి, చివరికి ఉండబట్టలేక అడిగింది.

"మామ్మా, ఇన్ని కాయలు ఎవరికి?"

"ఒక జాడీ పెద్దకోడలి పిల్లలకి. ఒకటి చిన్నకోడలికి, దానికి కారం ఎక్కువుండాలి. ఒకటి చుట్టాలకి. ఒకటి వీధిలో అడిగినవాళ్ళకి."

"మరి నాకు?"

అచ్చాయమ్మ నవ్వింది. "నీకెందుకే? నువ్వు అన్నం తింటావా, ముద్ద కలుపుతావా?"

మబ్బుపిల్ల నవ్వలేదు. "నాకోసం ఎవరూ ఏదీ దాచరు మామ్మా. చేనుకి నా నీళ్ళు కావాలి, చెరువుకి నా నీళ్ళు కావాలి. కురిశాక నన్ను ఎవరూ తలుచుకోరు. ఎక్కడో ఒకచోట ఇది నాది అని ఒక జాడీ ఉంటే, ఇలా దిక్కూ మొక్కూ లేకుండా తిరగను."

అచ్చాయమ్మ చేతిలోని కాయ తట్టలో పెట్టింది. "సరేలే. నీకూ ఒకటి పెడతాను. కానీ ఒక్క మాట. పచ్చడికి తడి తగలకూడదు. నువ్వేమో నిలువెల్లా తడే. పచ్చడి పెట్టినన్నాళ్ళూ నా గడప దగ్గరికి రాకు."

"రాను మామ్మా, ఒట్టు!" అని మబ్బుపిల్ల గాల్లో గిరగిరా తిరిగింది.

ఇంట్లో పని మొదలైంది. కాయలు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ తుడిచారు. కత్తి తుడిచారు, గరిటె తుడిచారు, జాడీలు ఎండలో బోర్లించారు. స్నానం చేసి తడిజుట్టుతో వచ్చిన చిన్నకోడలిని అచ్చాయమ్మ వాకిట్లోంచే తరిమేసింది. ఆవపిండి, కారం, ఉప్పు, మెంతులు, నువ్వులనూనె కలిపేసరికి ఆ ఘాటుకి వీధంతా తుమ్మింది. జాడీలు నిండాయి. మూతుల మీద పొడిగుడ్డతో వాసెనలు కట్టారు. మూలన ఒక బుజ్జి జాడీ కూడా పెట్టారు. అది మబ్బుపిల్లది.

"మూడోనాడు తిరగకలిపేదాకా ఎవరూ ముట్టుకోవద్దు," అని చెప్పి అచ్చాయమ్మ నడుం వాల్చింది.

మూడోనాడంట! మబ్బుపిల్లకి మూడు నిమిషాలే యుగం. చింతచెట్టు మీదికి వెళ్ళింది, వచ్చింది. చేల మీదికి వెళ్ళింది, వచ్చింది. నాది ఎలా ఉందో? అసలు పెట్టిందో లేదో? ఒక్కసారి చూసొస్తే ఏమవుతుంది? ముట్టుకోను, చూస్తానంతే. మీరెప్పుడూ ఇలా అనుకోలేదని నాతో మాత్రం చెప్పకండి.

ఇల్లంతా మధ్యాహ్నం కునుకు తీస్తుంటే మబ్బుపిల్ల కిటికీలోంచి సన్నగా జారింది. తన జాడీ ఏదో దానికి తెలియదు. ఒక వాసెన విప్పింది, ఇది కాదేమో. ఇంకొకటి విప్పింది, ఇదీ కాదేమో. అలా అన్నీ విప్పేసింది. చివర మూలన బుజ్జి జాడీ కనబడింది. నాకోసమే! నిజంగా నాకోసమే! ఆ సంబరంలో దాని కళ్ళు చెమర్చాయి. గదంతా సన్నటి తుంపర పడింది. మబ్బుపిల్ల హడలిపోయి, గుడ్డలు ఎలాగో కట్టేసి కిటికీలోంచి పారిపోయింది.

తిరగకలిపే రోజున అచ్చాయమ్మ మొదటి వాసెన విప్పింది. పైన తెల్లగా బూజు. రెండోది, బూజు. బుజ్జి జాడీలో కూడా బూజే. గుడ్డలు చూస్తే ఇంకా చెమ్మగానే ఉన్నాయి.

ఆవిడ గరిటె పక్కన పెట్టి నేలమీద కూలబడింది. "ముసురులో పిల్లలకి ఏం పెట్టనే?" అంది, ఎవరితోనో అన్నట్టు. తరవాత ఆకాశం కేసి చూసింది. "నీకూ ఒకటి పెట్టానుగా! ఒట్టేశావుగా!"

చూరు మీద దాక్కున్న మబ్బుపిల్లకి ఆ మాట ములుకులా గుచ్చుకుంది. ఏడుస్తూ పరుగెత్తింది. ఆ ఏడుపుకి గాలి రేగింది. నూకరాజు తోట మీంచి వెళుతుంటే కొమ్మలు ఊగి, చెట్ల మీద మిగిలిన కాయలన్నీ దబదబా రాలిపోయాయి.

"ఓసి నీ దుంపతెగ!" అని నూకరాజు నెత్తి బాదుకున్నాడు. "రాలిన కాయకి దెబ్బ తగులుద్ది. దెబ్బ తగిలిన కాయ పచ్చడికి పనికిరాదు. పశువులకి పడెయ్యాల్సిందే."

మళ్ళీ కాయలు దొరుకుతాయేమోనని తట్టతో అప్పుడే వస్తోంది అచ్చాయమ్మ. రాలిన కాయల్ని చూసి ఆగిపోయింది. ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"పడెయ్యకు నూకరాజూ. దెబ్బ ఉన్న మేర కోసేస్తే తక్కింది బంగారంలా ఉంది. ఆవకాయకి పనికిరాకపోతే ఏం, ఒరుగులు పెడతాను. ఉప్పు పట్టించి ఎండబెడితే యేడాదంతా పప్పులోకి వస్తాయి. ఆవాలు అక్కర్లేదు, నూనె అక్కర్లేదు. ఎండ ఒక్కటి ఉంటే చాలు."

ఎండ అనగానే ఇద్దరూ తలెత్తి చూశారు. తోట మీద మబ్బుపిల్ల తప్పు చేసిన మొహంతో బిక్కుబిక్కుమంటోంది.

"మామ్మా, నేనేం చెయ్యను? ఏదైనా పని చెప్పు. ఏదైనా!"

"ఏమీ చెయ్యకు," అంది అచ్చాయమ్మ. "కొండవతలకి పోయి ఊరికే ఉండు. నేను పిలిచేదాకా రాకు."

మబ్బుపిల్లకి అంతకంటే పెద్ద శిక్ష లేదు. "పిలుస్తావా మామ్మా?"

అచ్చాయమ్మ వంగి రాలిన కాయలు ఏరడం మొదలెట్టింది. "పిలుస్తాను," అంది.

కొండవతల పెద్ద మబ్బులు నిద్రపోతున్నాయి. వాటి మధ్య మబ్బుపిల్ల ఊరికే ఉండాలి. అబ్బ, ఎంత కష్టమో! ఒళ్ళంతా దురద పెట్టినట్టుంది. లోపల నీళ్ళు బరువెక్కుతున్నాయి. పక్కకి దొర్లింది, లేచింది, మళ్ళీ దొర్లింది. పెద్ద మబ్బొకటి నిద్రలోనే విసుక్కుంది. "కదలకే తల్లీ!"

ఊరి నుంచి ఒక కాకి వస్తే మబ్బుపిల్ల దాని వెంటపడింది. "కాకీ కాకీ, ముక్కలు ఎండాయా?"

"ఎక్కడ! ఒకటి ఎత్తుకొచ్చాను, ఇంకా వంగుతోంది. ఎండితే విరిచినప్పుడు టక్కుమనాలి," అంది కాకి, ముక్కు తుడుచుకుంటూ.

మర్నాడు మళ్ళీ అడిగింది. ఇంకా వంగుతోందట. మబ్బుపిల్ల నల్లబడింది. బరువుకి పొట్ట కొండని రాసుకుంటోంది. అయినా ఒక్క చుక్క రాల్చలేదు.

చివరికి ఒకరోజు కాకి ఎగురుకుంటూ వచ్చింది. "టక్కుమంది! కుండలకెత్తేశారు. నాకు ఒక్క ముక్క మిగల్చలేదు, పిసినారి ముసలమ్మ."

మబ్బుపిల్ల ఎగిరి గంతేసింది. ఇప్పుడు పిలుస్తుంది! చెవులు రిక్కించింది. పిలుపు రాలేదు. సాయంత్రమైంది. రాలేదు. మర్నాడూ రాలేదు.

మరిచిపోయింది. అందరిలాగే మామ్మ కూడా మరిచిపోయింది. మబ్బుపిల్ల గుండె పగిలినంత పనైంది. వెళ్ళి అడగనా? ఒక్కసారి తొంగిచూసి రానా? కొండ అంచుదాకా వెళ్ళింది. అప్పుడు ఆ బూజు పట్టిన జాడీలు గుర్తొచ్చాయి. వెనక్కొచ్చి అక్కడే కూర్చుంది.

అచ్చాయమ్మ మరిచిపోలేదు. ఇచ్చిన మాట ఆవిడని కూర్చోనివ్వడం లేదు. జాడీ పెడతానంది. కానీ ఏం పెట్టాలి? ఏది దాచినా ఆ పిల్ల ముట్టుకోగానే చెడిపోతుంది. నిలువెల్లా తడి ఉన్నదానికి ఏం దాచిపెడతాం?

వాకిట్లో అటూ ఇటూ తిరిగి తిరిగి, చివరికి కాళ్ళ కింద నేలని చూసి నిలబడిపోయింది. తడి తగిలితే చెడనిది ఇదొక్కటే!

తట్ట ఎత్తుకుని మళ్ళీ తోటల మీద పడింది. ఈసారి ఎవరికీ అక్కర్లేనివన్నీ అడిగింది. నూకరాజు చెట్ల కింద ఎండిన మామిడిపూత ఊడ్చుకుంది. మెట్టచేనులో ఆవపొట్టు, కళ్ళంలో గడ్డినలుసులు, మెంతికూర మడిలో ఎండుటాకులు, దారిలో రాలిన వేపపువ్వు. నూకరాజుకి మతిపోయింది. "అచ్చాయమ్మగారూ, చెత్తతో ఏం పచ్చడండీ?"

"నువ్వు నోరు మూసుకుని ఆ బుట్ట ఇటు అందుకో."

వాటన్నిటినీ దంచింది. దోసిళ్ళతో వాకిట్లో చల్లింది, వీధిలో చల్లింది, చేల గట్ల మీద చల్లింది, పాదాలతో మట్టిలోకి తొక్కింది. పైనుంచి ఎండ మాడ్చింది. నేల గట్టిపడి మూత వేసినట్టయింది. అప్పుడు ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని, కొండకేసి తిరిగి ఒక్క కేక పెట్టింది.

"రావే పిల్లా!"

మబ్బుపిల్ల వచ్చిన ఊపుకి ఆకాశం గడగడలాడింది. తీరా వాకిలి మీదికొచ్చి ఆగిపోయింది. కిందికి దిగడానికి భయం.

"మామ్మా, నా చేతులు తడిగా ఉన్నాయి."

"తెలుసు. అందుకే పిలిచాను. ఇదిగో, ఈ నేలంతా నీ జాడీ. పొడి చెయ్యి తగిలితే దీని మూత రాదు. ఊళ్ళో అందరివీ పొడి చేతులే. నువ్వొక్కదానివే తియ్యగలవు."

మబ్బుపిల్ల ఒక్క చినుకు రాల్చింది. వేలితో తాకినట్టు, అంత మెల్లిగా.

మట్టిలోంచి వాసన లేచింది. అలాంటి వాసన ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. మామిడిపూత ఉంది, గడ్డి ఉంది, వేపపువ్వు చేదు ఉంది, ఎండంతా ఉంది. కోడళ్ళు గుమ్మాల్లోకొచ్చారు. పిల్లలు వీధిలోకి పరుగెత్తారు. నూకరాజు గట్టుమీద నిలబడి కళ్ళు మూసుకున్నాడు.

"ఇది నాకేనా?" అంది మబ్బుపిల్ల.

"నీకే. కానీ నాలుగు చినుకులకే అయిపోతుంది. జాడీ అన్నాక ఖాళీ అవుతుంది కదా. మళ్ళీ ఎండాకాలం నేలే నీకోసం పెట్టి ఉంచుతుంది. తిరిగి రా."

మబ్బుపిల్ల కడుపునిండా ఏడ్చింది. ఆ రోజు ఎవరూ దాన్ని తిట్టలేదు.

అప్పటినుంచే మబ్బులు ఇళ్ళకి దూరంగా, ఎత్తున తిరుగుతున్నాయి. అప్పటినుంచే వేసవి మబ్బు కాస్త ఉరిమి, నాలుగు చినుకులు రాల్చి, ఎవరి పెరట్లో ఏం ఎండుతున్నాయోనని హడావిడిగా వెళ్ళిపోతుంది. అప్పటినుంచే నేల వేసవంతా ఎండి, తొలి చినుకు తగలగానే గుప్పుమంటుంది. ఆ వాసన మీరూ పీల్చుకోండి, ఎవరూ వద్దనరు. కానీ అది మీకోసం దాచింది కాదు.