తిరిగి రాని బ్యాడ్జీ

దైవకృప ఈ ప్రయోగశాలలో చేరి ఎనిమిది నెలలైంది. చేరింది ఒకే ఒక్క అంకె కోసం. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఆమె తండ్రి సత్యానందం రాజోలు వైపు చమురుబావుల దగ్గర పనిచేసేవాడు. న్యూట్రాన్లు వెదజల్లే చిన్న లోహపు గొట్టాన్ని పొడుగాటి పట్టకారుతో తీసి, పరికరంలో బిగించి, బావిలోకి దించడం ఆయన పని. ఇంటికొచ్చిన రోజు స్నానం చేసేదాకా కూతుర్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఆమె నూతి గట్టు దగ్గరే తువ్వాలు పట్టుకుని నిలబడేది.

కృపకు పదమూడేళ్లప్పుడు, కొత్త బావి పనికి వెళ్లి రెండు నెలలకే జ్వరంతో తిరిగొచ్చాడు. రక్తంలో జబ్బన్నారు. ఆర్నెల్లు మంచంలో ఉండి చనిపోయాడు. పనే తినేసిందని మేనమామ అన్నాడు. కాదు, దేవుడి పిలుపని అమ్మ అంది. ఏది నిజమో తేల్చుకోవాలని కృప భౌతికశాస్త్రం చదివింది.

అలాంటి పనివాళ్లు ఛాతీ మీద పెట్టుకునే బ్యాడ్జీలు మూడు నెలలకోసారి ఈ ప్రయోగశాలకే వస్తాయి. ఒక్కోదాన్లో గోరంత బిళ్లలు రెండు. ఒకటి న్యూట్రాన్లను పడుతుంది, రెండోది పట్టదు. మిగతా రేడియేషన్ రెండింటికీ ఒకేలా తగులుతుంది. వేడి చేస్తే అవి దాచుకున్నదంతా వెలుగై బయటికొస్తుంది. ఆ రెండు వెలుగుల తేడాని బట్టే మనిషికి తగిలిన న్యూట్రాన్ల లెక్క కడతారు. ఒకసారి వెలిగాక బిళ్లలో ఇంకేమీ మిగలదు.

పాత రిజిస్టర్లలో తండ్రి పేరు దొరికింది. తొమ్మిదేళ్ల లెక్కలు, అన్నీ హద్దులోపలే. చివరి గడిలో మాత్రం ‘బ్యాడ్జీ తిరిగి రాలేదు’ అని రాసుంది.

ఆ ఆదివారమే ఊరెళ్లి అమ్మ ట్రంకుపెట్టె అడుగుదాకా వెతికింది. నాన్న నీలం చొక్కా జేబులో ఆ బ్యాడ్జీ ఉంది.

మర్నాడు దాన్ని తెచ్చి మొహిద్దీన్ సార్ బల్ల మీద పెట్టింది. ముప్పై ఏళ్లుగా బ్యాడ్జీలు చదువుతున్న మనిషి. ఆమెకు పని నేర్పింది ఆయనే. ఆమె మొదటిసారి తన కథంతా చెప్పింది. ఆయన విన్నారు.

“ఒక్కసారే చదవగలం,” అన్నారు.

“తెలుసు సార్.”

“ఆ చొక్కాతోనే పనికెళ్లారా?”

“అయ్యుంటుంది సార్.”

ఆయన యంత్రం ఆన్ చేసి, తన కుర్చీ ఆమెకిచ్చి, పక్కన నిలబడ్డారు.

తెర మీద మొదటి బిళ్ల వెలుగు గీతై లేచింది. చాలా ఎత్తుకు లేచింది. కృప రెండో బిళ్ల పెట్టింది. రెండో గీత మొదటి గీత మీదుగానే లేచి, దాని మీదుగానే దిగింది. తేడా లేదు, అంటే న్యూట్రాన్లు లేవు.

ఆ బ్యాడ్జీ అసలు బావి దగ్గరికే వెళ్లలేదు.

ఆమె వరండాలోకెళ్లి అమ్మకు ఫోన్ చేసింది. కొత్త బ్యాడ్జీ తీసుకుని ఇంటికొచ్చిన రోజున నాన్న విడిచిన చొక్కా అదని అమ్మ చెప్పింది. మర్నాడు ఇంకో చొక్కా వేసుకుని వెళ్లాడు. బ్యాడ్జీ ఎక్కడో పోయిందని ఒకసారి ఫోన్లో అన్నాడు గానీ, జేబు చూడాలని అమ్మకు తోచలేదు.

“ఆయన పనికెళ్లినప్పుడల్లా ఒక చొక్కా ఉతక్కుండా ఉంచుకునేదాన్నే,” అంది అమ్మ. “వాసన కోసం.”

కృప వచ్చి మళ్లీ కూర్చుంది. చివరి బావి దగ్గర నాన్నకెంత తగిలిందో చెప్పే అంకె ఇక ఎక్కడా లేదు.

మిగిలింది రోజూ చేసే పనే. ఏ మూలన పడున్న బ్యాడ్జీకైనా నేల నుంచీ, గోడల నుంచీ, ఆకాశం నుంచీ కొంత రేడియేషన్ తగులుతూనే ఉంటుంది. అది తీసేశాకే పనివాడి లెక్క రాస్తారు. పదకొండేళ్లు పోగయింది కాబట్టే గీత అంత ఎత్తు లేచింది. కృప తీసివేత మొదలుపెట్టింది. సున్నా వస్తుంది. రాసి మూసేద్దామనుకుంది.

మొహిద్దీన్ సార్ చెయ్యి చాపి, కీబోర్డును ఆమె ముందు నుంచి పక్కకు జరిపారు.

“ఆ రేడియేషన్ పనిలో తగిలింది కాదు సార్. ఇంట్లోది.”

“చివరి ఆర్నెల్లూ నాన్న ఎక్కడున్నారమ్మా?”

కృప తలెత్తింది.

“ఇంట్లోనే సార్. ఆ చొక్కా... ఆయన మంచం పక్కన చిలక్కొయ్యకే ఉండేది.”

“అయితే ఆ ఆర్నెల్లూ ఆయనకు తగిలిందే దీనికీ తగిలింది. తీసెయ్యకు, ఉండనీ,” అన్నారాయన.