గోరు పడిన బుడ్డకాశ

ఒకప్పుడు బుడ్డకాశ పండుకు ఇప్పుడున్న కాగితంలాంటి తొడుగు లేదు. వంకాయలాగా కొమ్మకు బట్టబయలుగా వేలాడేది. పువ్వు కింది ఐదు బుల్లి ఆకులు ఏ పనీ లేక తొడిమ దగ్గర ఊరికే కూర్చునేవి.

ఆ కాలంలో సుంకమ్మ అనే కోడలు ఉండేది. ఆమె అత్త ఓబుళమ్మ మంచం పట్టింది. ఏ తిండీ సయించడం లేదు. చిన్నప్పుడు పుట్టింటి పెరట్లో తిన్న బుడ్డకాశ పండు ఒక్కటి నోట్లో వేసుకోవాలని ఆశ. పుట్టింటి నుంచి కొంగున ముడేసి తెచ్చిన గింజలు ఇన్నేళ్ళూ దాచుకుంది.

సుంకమ్మ వాటిని పగిలిన కుండలో మట్టీ పేడఎరువూ కలిపి చల్లింది. నారు జానెడయ్యాక పెరట్లో నాటింది. ఒక్క మొక్కే బతికి, కాయలు కాసింది.

సుంకమ్మకు ఒక అలవాటు. ఏ కాయనైనా గోరు గుచ్చి చూడందే కోయదు. సొరకాయకు అది చెల్లింది. దాని తోలు మందం, మనసు ఇంకా మందం. బీరకాయ కాస్త గొణిగి ఊరుకునేది. బుడ్డకాశ తోలు మాత్రం ఉల్లిపొరంత పలచన.

"నొప్పి పుడుతోందమ్మా. పండగానే నేనే చెప్తాను" అంది మొక్క.

"నువ్వు చెప్పేదాకా మా అత్త ఉండొద్దూ?" అంది సుంకమ్మ.

గోరు పడిన చోట చీమలు చేరేవి. కాయ కుళ్ళేది. మర్నాడు ఇంకో కాయ. పండిందా అని అత్త రోజూ అడిగేది. రేపు రేపని కోడలు చెప్పేది.

చివరికి ఒక్క కాయ మిగిలింది. "దాని జోలికి పోకే సుంకీ. అది పండేదాకా నేను ఆగుతాలే" అంది ఓబుళమ్మ.

సుంకమ్మ రెండు రోజులు ఓర్చుకుంది. మూడోనాడు అత్తకు గుక్కెడు నీళ్ళు కూడా దిగలేదు. కంగారుగా పెరట్లోకి పోయి గోరు నొక్కింది. పచ్చికాయ. ఆ సాయంత్రమే ఓబుళమ్మ కన్నుమూసింది.

ఐదు ఆకులూ తలవంచుకున్నాయి. ఊరికే కూర్చుని చూశాం, పాపం మాది కూడా అనుకున్నాయి. మళ్ళీ పిందె పట్టగానే సాగి సాగి, కొసలు కలుపుకొని దాన్ని కప్పేశాయి.

సుంకమ్మ రోజూ వచ్చేది. చేతులు వెనక్కి కట్టుకొని చూసి పోయేది. ఒక పొద్దున మొక్క కింద టప్పున చప్పుడైంది. వంగి, ఎండిన తొడుగు విప్పింది. లోపల తేనె రంగు పండు.

"పండింది అత్తా" అంటూ వెనక్కి తిరిగింది. మంచం గోడకు నిలబెట్టి ఉంది.

ఆ పండు ఆమె తినలేదు. గింజలు ఆరబెట్టి, అత్త దాచిన చోటే దాచింది.

అప్పటినుంచే బుడ్డకాశ ఐదు ఆకుల తొడుగులో దాక్కుంటోంది. పండిన రోజున తానే నేలకు దిగి వస్తుంది. ఎంత తొందరున్నవాళ్ళైనా దాని ముందు నడుం వంచి ఏరుకోవలసిందే.